గింజ సన్నదనానికి ఇచ్చే బోనస్‌ గింజలోని జింకుకూ ఇవ్వాలి

కొనుగోలు కేంద్రానికి చేరిన వడ్లను ఎన్ని రకాలుగా పరీక్షిస్తారో వరి పండించే ఇళ్లలో పుట్టిన వారందరికీ తెలుసు. తేమ 17 శాతం దాటిందా, తాలు ఎంత, మట్టిబెడ్డలు ఎంత, రంగు మారిన గింజలూ మొలకెత్తిన గింజలూ ఎన్ని అని చూస్తారు. తెలంగాణలో 2024 వానాకాలం పంట నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలయ్యాక గింజ పొడవు, వెడల్పు కూడా కొలుస్తున్నారు. ఇవన్నీ అవసరమైన పరీక్షలే. అయితే ఆ బియ్యాన్ని ఏడాది పొడవునా రెండు పూటలా తినే మనిషికి అందులో ఏ పోషకం ఎంత దొరుకుతుందన్న ప్రశ్న ఈ వ్యవహారంలో ఏ దశలోనూ రాదు. గింజలోని పోషకం మిల్లులోనో వంటగదిలోనో కాక ముందుగా పొలంలోనే నిర్ణయమవుతుందనీ, దాన్ని పెంచే సేద్యపద్ధతులు ఇప్పటికే రుజువై ఉన్నాయనీ, వాటి ఖర్చును రైతు మీద వదిలెయ్యకుండా ప్రజారోగ్యపు ఖర్చుగా ప్రభుత్వమే భరించాలనీ నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇక్కడ ప్రధానంగా వరి గురించీ జింకు గురించీ రాస్తున్నాను. పోషకాలన్నిటిలో సేద్యం ద్వారా గింజలోకి ఎక్కించడానికి బాగా లొంగేది జింకే కాబట్టి, తెలుగువాళ్ల కంచంలో పెద్ద భాగం వరి అన్నమే కాబట్టి ఈ ఎంపిక.

మనిషి శరీరానికి జింకు అవసరమని వైద్యశాస్త్రం గుర్తించి ఎంతో కాలం కాలేదు. బీహార్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆనంద ప్రసాద్ అనే వైద్యుడు 1950ల చివర ఇరాన్‌లోని షిరాజ్ ప్రాంతంలోనూ, 1960ల మొదట్లో ఈజిప్టు పల్లెల్లోనూ ఎదుగుదల ఆగిపోయి, ఇరవై ఏళ్లు వచ్చినా చిన్నపిల్లల్లా కనిపించే యువకులను పరీక్షించి, వారి తిండిలో జింకు అందకపోవడమే ప్రధాన కారణమని చూపాడు. వారు తినేది ఎక్కువగా గోధుమ రొట్టె. ఆకలి తీరేంత తిండి ఉంది, కానీ అందులోని జింకు వంటికి పట్టడం లేదు. మన దేశంలో 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 1–4 ఏళ్ల పిల్లల్లో 19 శాతం మందికి, 10–19 ఏళ్ల వారిలో 32 శాతం మందికి జింకు లోపం ఉన్నట్టు తేలింది. రక్తహీనత గురించి అందరం మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవలసిందే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 6 నెలల నుంచి 59 నెలల వయసు పిల్లల్లో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం రక్తహీనతతో ఉన్నారు. జింకు లోపం మాత్రం కంటికి కనిపించదు. పాలిపోయిన కనురెప్ప లాంటి గుర్తు దానికి లేదు. మాటిమాటికీ విరేచనాలు, జలుబూ దగ్గూ, వయసుకు తగ్గ ఎత్తు రాకపోవడం వంటి వాటి వెనక అది దాగి ఉంటుంది. పిల్లల విరేచనాలకు ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు జింకు మాత్రలు ఇవ్వాలన్న నియమం వచ్చింది అందుకే.

ఇప్పుడు కంచం సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం మరపట్టిన తెల్లబియ్యం 100 గ్రాముల్లో జింకు 1.21 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యంలో 1.68, సజ్జల్లో 2.76, రాగుల్లో 2.53. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకు తినే మనిషికి అన్నం ద్వారా దొరికేది సుమారు 4.8 మిల్లీగ్రాములు. అదే సంస్థ 2020లో సిఫారసు చేసిన మోతాదు పురుషుడికి రోజుకు 17, స్త్రీకి 13.2 మిల్లీగ్రాములు. మాంసం, గుడ్లు, పప్పు, పాలు సమృద్ధిగా తినే ఇంట్లో ఈ లోటు కొంత పూడుతుంది. పప్పును నీళ్లగా కాచుకుని, పచ్చడితోనో చారుతోనో పూట గడిపే ఇంట్లో పూడదు. అలాంటి ఇళ్లకు బియ్యమే పోషకాల బండి, అది సగం ఖాళీగా వస్తోంది.

ఖాళీ ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే పొలంలోకి దిగాలి. మన దేశపు నేలల్లో మూడో వంతుకు పైగా జింకు తక్కువగా ఉన్నట్టు నేల పరీక్షలు చెబుతున్నాయి. వరి విషయంలో ఇంకో చిక్కుంది. దమ్ము చేసి నీరు నిలగట్టిన మడిలో గాలి అందక నేల రసాయనం మారిపోతుంది; ఇనుము కరిగి మొక్కకు ఎక్కువగా అందుతుంది కానీ జింకు మాత్రం కరగని రూపాల్లోకి పోయి వేళ్లకు అందకుండా పోతుంది. సున్నం ఎక్కువున్న నల్లరేగళ్లలో, చౌడు నేలల్లో ఇది మరీ ఎక్కువ. దానికి తోడు ఏటేటా డీఏపీ, కాంప్లెక్స్ బస్తాలు గుమ్మరించగా నేలలో పోగుపడిన భాస్వరం జింకును మరింత అడ్డుకుంటుంది. ఉత్తర భారతంలో 'ఖైరా' అని పిలిచే వరి జబ్బుకు కారణం తెగులు కాదు, జింకు లోపమని పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె అనే శాస్త్రవేత్త 1966లో తేల్చాడు. మన దగ్గర నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకు మధ్య ఈనెకు ఇరువైపులా తుప్పు రంగు మచ్చలు వచ్చి, ఆకులు పెళుసెక్కి, పైరు గిడసబారి, ఎంత యూరియా వేసినా పచ్చబడకపోతే అనుభవమున్న రైతు వెంటనే జింకు అంటాడు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మా బంధువుల పొలాల్లో ఈ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయడం, మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి ఐదారు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయడం, దాన్ని భాస్వరం ఎరువుతో కలిపి వేయకపోవడం తెలుగు రైతుకు కొత్త పాఠాలు కావు.

నా వాదనకు కీలకమైన సంగతి ఇక్కడే ఉంది. పైరు జబ్బు నయమైతే గింజలో జింకు పెరిగినట్టేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చైనా, భారత్, లావోస్, థాయ్‌లాండ్, టర్కీ దేశాల్లో వరి మీద జరిపి 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో నేలలో జింకు వేసినప్పుడు దంపుడు బియ్యంలో జింకు సగటున 2.4 శాతం మాత్రమే పెరిగింది; ఆకుల మీద పిచికారీ చేసినప్పుడు 25 శాతం, రెండూ చేసినప్పుడు 32 శాతం పెరిగింది. గోధుమలో తేడా ఇంకా పెద్దది: నేలలో వేస్తే 12 శాతం, పిచికారీతో 84 శాతం. నేలలో వేసిన జింకు దిగుబడిని కాపాడుతుంది, పైరును నిలబెడుతుంది, కానీ వేరు నుంచి గింజ దాకా చేరేలోగా చాలా వరకు మట్టిలోనే బిగుసుకుపోతుంది. ఆకు మీద పడిన జింకు ఆ మట్టి అవరోధాన్ని తప్పించుకుని, పిండిపదార్థంతో పాటు కంకిలోకి ప్రయాణిస్తుంది. అందుకే వేళ ముఖ్యం. పిలకల దశలో చేసిన పిచికారీ ఆకులకే పోతుంది. ఈనిన తర్వాత, గింజ పాలు పోసుకునే వేళ, లీటరుకు 5 గ్రాముల చొప్పున చేసినది గింజకు పోతుంది. వరి పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి కనుక ఆ రోజుల్లో పిచికారీ సాయంత్రం పూట పెట్టుకోవాలి.

ఈనిన తర్వాత చేసే ఈ పిచికారీ వల్ల రైతుకు దిగుబడి పెరగదు, లేదా చెప్పుకోదగినంత పెరగదు. గింజ బరువు, రంగు, ఆకారం మారవు. దళారి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడు. లాభమంతా ఆ బియ్యం తినే ఎవరో తెలియని పిల్లవాడిది. కనుక 'రైతుల్లో అవగాహన పెంచాలి' అంటూ ఉపన్యాసాలు ఇచ్చే వారితో నాకు పేచీ ఉంది. రైతుకు అవగాహన లేక కాదు, ఆ ఖర్చు తిరిగివచ్చే దారి లేకనే ఆయన ఈ పని చేయడు. కూలి దొరకని రోజుల్లో, అప్పటికే దోమకూ తెగులుకూ మందులు కొట్టి అలసిన రైతును, ఇంకెవరి ఆరోగ్యం కోసమో మరోసారి ట్యాంకు భుజానికెత్తుకోమనడం న్యాయం కాదు.

ప్రభుత్వం పూనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి రెండు దేశాల అనుభవం చాలు. మధ్య అనటోలియా గోధుమ నేలల్లో జింకు కొరత తీవ్రమని గుర్తించిన టర్కీ శాస్త్రవేత్తలు, ఇస్మాయిల్ చాక్మాక్ నాయకత్వంలో, 1993లో పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. కొన్ని చోట్ల జింకు వేయకపోతే గోధుమ పండనే పండదని తేలింది. పదేళ్లు తిరిగేసరికి జింకు కలిపిన కాంప్లెక్స్ ఎరువులు అక్కడ లక్షల టన్నుల్లో వాడుకలోకి వచ్చాయి. అక్కడ దిగుబడి కూడా పెరిగింది కనుక రైతు తనంతట తానే ముందుకొచ్చాడు. ఫిన్లాండ్ కథ వేరు, మన పరిస్థితికి దగ్గరిది. అక్కడి నేలల్లో సెలీనియం అనే సూక్ష్మపోషకం అందుబాటు చాలా తక్కువ. ఆ కొరత వల్ల పంట దిగుబడి తగ్గదు, కాబట్టి రైతుకు పట్టదు. మనుషుల ఆరోగ్యం కోసం ప్రభుత్వం 1984లో ఎరువులలోనే సెలీనియం కలపాలని నిర్ణయించింది. ధాన్యపు పంటల ఎరువుకు మొదట కిలోకు 16 మిల్లీగ్రాములు కలిపారు. ధాన్యంలో, పాలలో, మనుషుల రక్తంలో మోతాదును ఏటా కొలుస్తూ, ఎక్కువైందనిపించి 1990లో 6కు తగ్గించారు, తర్వాత 1998లో 10కి, 2007లో 15కు పెంచారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ కొలవడమే. పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో నేలలోనే సెలీనియం ఎక్కువై పశువులకు గిట్టలు ఊడిపోయే జబ్బు వస్తున్న దేశం మనది. కొలవకుండా ఏదీ అందరికీ ఒకే మోతాదులో పంచకూడదు.

ఇక నాకు ఎదురయ్యే అభ్యంతరాలు. మొదటిది, రేషన్ బియ్యంలో పోషకాలు కలిపే పథకం ఇప్పటికే వచ్చింది కదా అన్నది. వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపే ఆ కృత్రిమ గింజల్లో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పనిసరి. జింకు తప్పనిసరి కాదు, కలపాలనుకుంటే కలపవచ్చు. అంటే నేను చెబుతున్న పోషకం ఆ ఏర్పాటులో నమ్మకంగా లేనే లేదు. రెండోది, చిరుధాన్యాలు తినమంటే సరిపోతుంది కదా అన్నది. తినాలి. రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. కానీ మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాల మెట్ట చేలలో పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నేలలు పరీక్షించినప్పుడు గంధకం, బోరాన్, జింకు మూడూ విస్తారంగా తక్కువగా ఉన్నట్టు తేలింది. ఆ మూడింటినీ వేసినప్పుడు జొన్న, మొక్కజొన్న దిగుబడితో పాటు గింజ నాణ్యత కూడా మెరుగుపడింది. బీద నేలలో పండిన జొన్న కూడా బీదదే. పైగా, రెండు తరాలుగా అన్నానికి అలవాటు పడిన కుటుంబాన్ని జొన్నరొట్టెకు మళ్లించడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో పెరిగే పిల్లలు తినేది ఇవాళ్టి బియ్యమే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది: జింకు ఎక్కువగా ఉండే వంగడాలు వచ్చాక పిచికారీ దేనికి? రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ 2016లో విడుదల చేసిన డీఆర్ఆర్ ధాన్ 45లో మరపట్టిన బియ్యంలో కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు ఉంది, అంటే మామూలు బియ్యానికి దాదాపు రెట్టింపు. ఇది గొప్ప విజయం, తెలుగు నేల మీద జరిగింది కనుక నాకు గర్వంగానూ ఉంది. అయితే విత్తనం జింకును పుట్టించలేదు, నేలలో ఉన్నదాన్ని ఎక్కువగా లాగి గింజకు పంపగలదు, అంతే. నేలలో లేనప్పుడు ఆ గుణం పూర్తిగా బయటపడదు. ఇంగ్లండ్‌లోని రోతామ్‌స్టెడ్‌లో 1843 నుంచి సాగుతున్న గోధుమ ప్రయోగంలో భద్రపరచిన గింజలను పరీక్షించగా, 1960ల చివర పొట్టి వంగడాలు ప్రవేశించిన తర్వాత గింజలో జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం తగ్గినట్టు తేలింది, నేలలో మాత్రం అవి తగ్గలేదు. వంగడం చెడగొట్టినదాన్ని వంగడంతోనే బాగుచేయడం సబబే. కానీ బాగుచేసిన వంగడానికి తిండి పెట్టే పని సేద్యానిది. పైగా ఒక రకాన్ని రైతులు నిలకడగా వేయాలంటే దాని దిగుబడి, తెగుళ్ల నిరోధం, మిల్లు నూక శాతం, రుచి అన్నీ కుదరాలి. సాంబ మసూరి వదలని రైతును మరో రకానికి మళ్లించడం ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని కాదు. పిచికారీ అయితే ఆయన వేసిన రకం మీదే చేయవచ్చు.

ఈ పద్ధతి బలహీనతలను దాచడం నాకు ఇష్టం లేదు. ఇనుము దీనికి లొంగదు. నేలలో వేసిన ఇనుము త్వరగా కరగని రూపంలోకి మారిపోతుంది, ఆకుల మీద చల్లినదీ కొద్దిగానే గింజకు చేరుతుంది, ఆ చేరినది కూడా చాలా వరకు పైపొరల్లోనే ఉండి పాలిష్‌తో తవుడులోకి పోతుంది. కనుక రక్తహీనతకు ఇది మందని నేను అనను. రెండోది, 400 గ్రాముల బియ్యంలో 25 శాతం పెంపు అంటే రోజుకు ఒక మిల్లీగ్రాము పైన కొద్దిగా. లోటంతా పూడదు, కొంతే పూడుతుంది. జింకు అధికంగా ఉన్న గోధుమతో ఢిల్లీ పేద కుటుంబాల్లో ఆరు నెలల పాటు చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో రక్తంలోని జింకు స్థాయిలో తేడా కనిపించలేదు. అయినా పిల్లలు న్యుమోనియాతో గడిపిన రోజులు 17 శాతం, వాంతులతో గడిపిన రోజులు 39 శాతం తగ్గాయి. శాస్త్రం ఇంకా తేల్చుకోవలసినవి ఉన్నాయి. కానీ జబ్బు రోజులు తగ్గడం తల్లికి అర్థమయ్యే ఫలితం.

పిచికారీ ఒక్కటే సేద్యం కాదు. మడి ఎప్పుడూ నిండుగా ఉంచకుండా ఆరుతడి పెడితే నేలకు గాలి అందుతుంది, చాలా నేలల్లో జింకు పరిస్థితీ మెరుగవుతుంది, నీరూ మిగులుతుంది. భాస్వరం నేల పరీక్ష చెప్పినంతే వేయడం మరీ ముఖ్యం. భాస్వరం ఎక్కువైతే గింజలో ఫైటేటు అనే పదార్థం పెరిగి, ఉన్న జింకును కూడా మన పేగుల్లో పట్టి ఉంచి ఒంటికి అందనివ్వదు. అంటే అవసరం లేని డీఏపీ బస్తాతో రైతు డబ్బు పోవడమే కాక తినేవాడి జింకు కూడా పోతుంది. నత్రజని తగినంత ఉంటే గింజలో మాంసకృత్తులతో పాటు జింకు కూడా పెరుగుతుందని గోధుమ ప్రయోగాలు చూపాయి కనుక, యూరియాను పూర్తిగా దోషిగా నిలబెట్టే ప్రచారం పోషకాల దృష్టితో చూస్తే సరికాదు. అతి తగ్గించాలి, మానెయ్యకూడదు. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నడం, పశువుల ఎరువు వేయడం నేలలోని జింకును వేళ్లకు అందే రూపంలో నిలబెడతాయి. ఇవన్నీ రైతుకు కూడా లాభం ఇచ్చే పనులు కాబట్టి వీటికి సలహా, నేల పరీక్ష, విత్తనాల సబ్సిడీ చాలు. ఈనిన తర్వాత చేసే పిచికారీకి మాత్రం డబ్బే కావాలి.

ఎంత డబ్బు? లీటరుకు 5 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీరు అనుకుంటే ఒక పిచికారీకి పట్టేది ఒక కిలో జింకు సల్ఫేటు. రెండు సార్లు చేస్తే రెండు కిలోలు, దాని మీద కూలీ లేదా డ్రోన్ అద్దె. ఎకరాకు 25 క్వింటాళ్ల సన్నవడ్లు అమ్మిన రైతుకు ఇస్తున్న బోనస్ 12,500 రూపాయలు. గింజ సన్నగా ఉందని అంత ఇవ్వగలిగిన ఖజానాకు, అందులో చిన్న భాగాన్ని గింజలో జింకు ఉన్నందుకు ఇవ్వడం కష్టం కాదు. ఆ సమయంలో ఎలాగూ మెడవిరుపుకో సుడిదోమకో మందు కొట్టే రైతులు ఎక్కువ. ఏడు దేశాల్లో జరిగిన ప్రయోగాల్లో జింకును కొన్ని పురుగుమందులతో, తెగుళ్ల మందులతో కలిపి కొట్టినా గింజలో జింకు పెరుగుదల తగ్గలేదు. ఏ మందుతో కలపవచ్చో, దేనితో కలపకూడదో మన విశ్వవిద్యాలయాలు పరీక్షించి స్పష్టమైన పట్టిక ఇస్తే రెండో కూలి తప్పుతుంది. కేంద్రం కూడా పోషకాధార సబ్సిడీలో జింకు కలిపిన ఎరువుకు టన్నుకు 500 రూపాయలు అదనంగా ఇస్తోంది. కానీ అది నేలలో పడే జింకు, దిగుబడి కోసం ఇచ్చేది.

మోసం జరగదా అని అడిగే వారికి సమాధానం కొలతలో ఉంది. గింజను పాడుచేయకుండా నిమిషాల్లో జింకు, ఇనుము చెప్పే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రాలను వరి పరిశోధకులు వేల నమూనాలను జల్లెడ పట్టడానికి ఎప్పటి నుంచో వాడుతున్నారు. ప్రతి కొనుగోలు కేంద్రంలో అక్కర్లేదు, జిల్లాకు ఒకటి పెట్టి, లాట్ల వారీగా నమూనాలు పంపి, కట్టుదిట్టమైన కనీస మోతాదు దాటిన ఊళ్లకే బోనస్ ఇవ్వవచ్చు. మొదట అంగన్‌వాడీలకూ పాఠశాలల మధ్యాహ్న భోజనానికీ వెళ్లే బియ్యంతో, నేల పరీక్షలో జింకు తక్కువగా తేలిన మండలాలతో మొదలుపెట్టాలి. అక్కడ తినేది పిల్లలే, ఆ బియ్యం ఏ మిల్లు నుంచి ఏ బడికి వెళుతుందో లెక్క ఉంటుంది, పిల్లల ఎత్తు బరువుల రికార్డు కూడా అంగన్‌వాడీలోనే ఉంటుంది. పాలిష్‌ను కొంత తగ్గించే షరతు కూడా ఆ మిల్లులకు పెట్టవచ్చు.

యాసంగి వరి మన దగ్గర ఎక్కువగా మార్చిలో ఈనుతుంది. కాబట్టి ఉత్తర్వు నాట్లకు ముందే రావాలి, మండలాల జాబితా జనవరిలో తేలాలి, జింకు సల్ఫేటు ఫిబ్రవరి నెలాఖరుకల్లా సహకార సంఘాల గోదాముల్లో, రైతు సేవా కేంద్రాల్లో ఉండాలి. పాలు పోసుకునే దశ దాటి గింజ గట్టిపడ్డాక సరుకు వస్తే ఆ ఏడాదికి దానితో ప్రయోజనం ఉండదు.